ల్యాప్‌టాప్ సందేహాలు: మదర్‌బోర్డు పోయిందని ఎవరన్నారు?

ఈ నెల ఉత్తరాల్లో ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపించింది: "మదర్‌బోర్డు పోయిందన్నారు." మదర్‌బోర్డు అంటే లోపలి భాగాలన్నీ కలిసే ప్రధాన బోర్డు. విజయవాడలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే షాపు నడుపుతున్నాను కాబట్టి ఆ మాట అనడం ఎంత తేలికో, నిరూపించడం ఎంత కష్టమో రోజూ చూస్తుంటాను. అందుకే ఈసారి ఇంట్లో మీరే చేసుకోగల పరీక్షలు ముందు చెబుతున్నాను. స్క్రూడ్రైవర్ పట్టాల్సిన చోట ఆ సంగతి కూడా చెబుతాను. వారంటీ ఉన్నవాళ్లు మాత్రం స్క్రూల జోలికి వెళ్లకండి.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ ఫైనలియర్. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే పవర్ లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటుంది. షాపులో చూపిస్తే పది నిమిషాల్లో "మదర్‌బోర్డు పోయింది, పదకొండు వేలు" అన్నారు. వారంటీ అయిపోయింది. బోర్డు వేయించమంటారా, కొత్తది కొనుక్కోమంటారా?
– విద్యార్థి, నల్గొండ

జవాబు: అప్పుడే రెండూ వద్దు తమ్ముడూ. లైటు వెలిగి ఫ్యాన్ తిరుగుతోందంటే బోర్డుకి కరెంటు అందుతోంది. పది నిమిషాల్లో తేల్చేశారంటే వాళ్లు వెనక మూతైనా విప్పారో లేదో నాకు అనుమానమే.

ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగు. తర్వాత క్యాప్స్ లాక్ నొక్కు. దాని లైటు వెలిగి, మళ్లీ నొక్కితే ఆరిందనుకో, లోపల మెషిన్ శుభ్రంగా పనిచేస్తోంది, బొమ్మే రావడం లేదు. అప్పుడు గదిలో లైట్లు తీసేసి, ఫోన్ టార్చి స్క్రీన్‌కి దగ్గరగా ఏటవాలుగా పట్టి చూడు. లాగిన్ బొమ్మో, ఐకాన్లో మసకగా కనిపిస్తే ప్యానెల్ పనిచేస్తోంది, వెనక వెలగాల్సిన బ్యాక్‌లైట్ వెలగడం లేదు. ఏమీ కనిపించకపోతే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి కలుపు. టీవీలో బొమ్మ వచ్చిందంటే ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ అన్నీ బాగున్నట్టే. ఇక మిగిలేవి స్క్రీన్, దాని కేబుల్, ఆ కేబుల్ బోర్డు మీద గుచ్చుకునే చోటు. ఆ కేబుల్ మూత కీలు గుండా వెళ్తుంది. ఏళ్ల తరబడి తెరిచి మూసేసరికి లోపలి సన్నటి తీగలు అక్కడే తెగుతాయి. మూతని మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడిస్తుంటే బొమ్మ ఒక్క క్షణం మెరిసి పోతోందంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. దాని ఖర్చు వాళ్లు చెప్పిన పదకొండు వేల దరిదాపుల్లో కూడా ఉండదు.

క్యాప్స్ లాక్ లైటు ఉలకకపోతే కథ వేరు. అప్పుడు నా చెయ్యి ముందు ర్యామ్ మీదికే వెళ్తుంది. దానికన్నా ముందు లైట్లు ఏమైనా లెక్క ప్రకారం మినుకుతున్నాయేమో చూడు. హెచ్‌పీలో క్యాప్స్ లాక్ లైటు, డెల్‌లో పవర్ లైటో బ్యాటరీ లైటో ఇన్నిసార్లు వెలిగి, ఆగి, మళ్లీ ఇన్నిసార్లు వెలిగి లోపం ఎక్కడుందో చెబుతాయి. ఫోన్‌లో వీడియో తీసుకో. మోడల్ పేరుతో కంపెనీ సైట్లో వెతికితే ఆ లెక్కకి అర్థం దొరుకుతుంది. తర్వాత ఛార్జర్ పీకేసి, పవర్ బటన్ అర నిమిషం పాటు నొక్కి పట్టి, మళ్లీ ఛార్జర్ పెట్టి ఆన్ చెయ్యి. లోపల మిగిలిన ఛార్జి పోవడానికి ఇలా చేస్తాం. ఈ ఒక్క పనితో లేచి కూర్చున్న మెషిన్లు మా షాపుకి ఎన్నో వచ్చాయి. వాటికి డబ్బులు తీసుకోవడానికి నాకే మొహమాటం.

అప్పటికీ రాకపోతే వెనక మూత విప్పాలి. విప్పగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఇది మర్చిపోవద్దు. ర్యామ్‌కి రెండు పక్కలా ఉన్న క్లిప్పుల్ని బయటికి జరిపితే అదే ఏటవాలుగా పైకి లేస్తుంది. బంగారు రంగు పళ్లని వెలుతురులో చూడు. నల్లటి మచ్చలో, పచ్చటి చెమ్మ చారలో కనిపిస్తాయి. సముద్రం దగ్గరి ఊళ్ల నుంచి, మచిలీపట్నం, కాకినాడ వైపు నుంచి వచ్చే మెషిన్లలో ఇవి ఎక్కువ. తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి అంతా ఊదకుండా బ్రష్‌తో తుడిచెయ్యి. నోటితో ఊదితే తడి చేరుతుంది. తిరిగి అదే వాలులో చివరిదాకా తోసి, క్లిక్‌మనే వరకు కిందికి నొక్కు. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోటీ విడిగా, ఒక్కో స్లాటులో పెట్టి చూడాలి. ర్యామ్ కదిలించాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కాసేపు నల్లగానే ఉండొచ్చు, కంగారుపడి ఆపెయ్యకు. కొన్ని పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి ఈ వైద్యం పనికిరాదు.

ఇవన్నీ అయ్యాక కూడా చలనం లేకపోతే అప్పుడు బోర్డు మాట మాట్లాడుకోవచ్చు. అయినా షాపువాళ్లని ఒక్కటే అడుగు: "బోర్డులో ఏం పోయింది?" 19 వోల్టుల లైన్ షార్టయిందా, 3 వోల్టులు, 5 వోల్టులు పుట్టడం లేదా, మెషిన్‌ని మొదట నిద్రలేపే ప్రోగ్రామ్ ఉండే బయోస్ చిప్పు పాడైందా? మల్టీమీటర్ పెట్టి చూసినవాళ్లు టక్కున చెబుతారు. చాలాసార్లు షార్టయిన ఒక చిన్న కెపాసిటర్ తీసేస్తే బోర్డు బతుకుతుంది. చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిన్న భాగాల్ని విడిగా మార్చే పని, చేసేవాళ్లని వెతుక్కో. హైదరాబాద్ నీకు దగ్గరే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల అలాంటివాళ్లు ఉంటారు.

ప్రశ్న: మేడమ్, మా ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ ఎడమ వైపు నొక్కుడు పడడం లేదు. కొన్నాళ్లుగా మూత కూడా సరిగ్గా మూసుకోవడం లేదు. టచ్‌ప్యాడ్ మార్పించాలా? ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే పెట్టి వాడతాను.
– ఉపాధ్యాయిని, పార్వతీపురం

జవాబు: టీచర్ గారూ, ఈ జవాబు చదివేలోపు దాన్ని ఆఫ్ చేసి ఛార్జర్ తీసేయండి. మీ టచ్‌ప్యాడ్‌కి ఏమీ కాలేదు. దాని కింద ఉన్న బ్యాటరీ ఉబ్బి పైకి తోస్తోంది.

నమ్మకం కుదరకపోతే ల్యాప్‌టాప్ మూసి గట్టి బల్ల మీద పెట్టి, మూలల మీద వేలితో తాకి చూడండి. ఊగుతోందా? కంటి ఎత్తున పెట్టి పక్క నుంచి చూడండి. చేతులు ఆనించే భాగానికీ కింది మూతకీ మధ్య సన్నటి సందు, ముందు వైపు ఎక్కువగా, కనిపిస్తుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ లోపల వెండి రంగు పలుచటి సంచుల్లాంటి లిథియం సెల్స్ ఉంటాయి. అవి పాతబడ్డప్పుడు, వేడికి, ఎప్పుడూ నిండా ఛార్జితో ఉన్నప్పుడు లోపలి ద్రవం విడిపోయి గ్యాసు పుడుతుంది. సంచి ఉబ్బుతుంది. టచ్‌ప్యాడ్ కింద జాగా తక్కువ కనుక ముందు అక్కడ తెలుస్తుంది. ఇలా వచ్చిన మెషిన్లకి టచ్‌ప్యాడ్ మార్చి, ఉబ్బిన బ్యాటరీనే మళ్లీ బిగించి పంపిన ఘనులున్నారు. నెల తిరక్కుండా కొత్త టచ్‌ప్యాడ్ కూడా పగిలి నా దగ్గరికి వచ్చింది.

దాన్ని నొక్కి సరిచేయాలని చూడకండి. ఇంట్లో ఎవరైనా ఉత్సాహవంతులు పిన్నుతో పొడిచి గాలి తీసేద్దామంటే చెయ్యి పట్టుకు ఆపండి, ఆ గ్యాసు మండుతుంది, సెల్ లోపల షార్టయితే ఆర్పడం కష్టం. బ్యాటరీ మాత్రం సర్వీసువాళ్ల చేతే తీయించండి. బంక వేసి అతికించిన మోడళ్లలో పట్టకారుతో పీకితే చిరిగే ప్రమాదం ఉంది. తీసినదాన్ని మున్సిపాలిటీ చెత్తబండిలో వేయొద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలు సేకరించే బాధ్యత తయారీదారులది, సర్వీస్ సెంటర్లో ఇవ్వొచ్చు.

కొత్తది వేయించాక, ఎప్పుడూ కరెంటు మీదే వాడే అలవాటు మీరు మానక్కర్లేదు. చాలా కంపెనీలు తమ యాప్‌లోనో బయోస్‌లోనో ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఇస్తున్నాయి. అది ఆన్ చేసుకోండి. అప్పుడప్పుడూ బ్యాటరీ జాతకం చూసుకోవడానికి విండోస్‌లోనే ఏర్పాటు ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్ పక్కనే సి, ఎఫ్, జి అక్షరాలు కలిపి కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని ఒకే మాటగా కొట్టి ఎంటర్ చేయండి. ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది 41,000, రెండోది 20,000 అని ఉందనుకోండి, బ్యాటరీలో సగం సత్తువ పోయినట్టు.

ప్రశ్న: ఫోటో స్టూడియో నడుపుతున్నాను. ల్యాప్‌టాప్ లోపల నుంచి టిక్, టిక్ అని శబ్దం వస్తోంది. ఫోల్డర్ తెరిస్తే నిమిషాలు పడుతోంది. రెండు పెళ్లిళ్ల ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఫార్మాట్ కొడితే సరిపోతుందని మా బావమరిది అంటున్నాడు.
– తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ బావమరిదిని ఆ గదిలోకి రానివ్వకండి. ఆ టిక్ టిక్ హార్డ్ డిస్క్‌ది. లోపల తిరిగే పళ్లెం మీద చదివే సూది తన చోటు దొరక్క వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడుతున్న చప్పుడు అది. ఆన్‌లో ఉన్న ప్రతి నిమిషం ఫోటోలు దూరమవుతున్నట్టే. ఫార్మాట్, డిస్క్ రిపేరు చేసే చెక్‌డిస్క్ రెండూ వద్దు. అవి ఆ బలహీనమైన డిస్కుని ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుగెత్తిస్తాయి.

షట్‌డౌన్ చేసి, డిస్క్ బయటికి తీయించి, యూఎస్‌బీ కేబుల్‌తో వేరే కంప్యూటర్‌కి పెట్టించండి. కనిపిస్తే ముందు పెళ్లి ఫోటోలు, ఆ తర్వాతే మిగతావి కాపీ చేయండి. పాటలు, సినిమాలు ఆఖరుకి. కనిపించకుండా టిక్ టిక్ అంటూనే ఉంటే అక్కడే ఆపి డేటా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వాలి. అది దుమ్ము లేని గదిలో తెరవాల్సిన వస్తువు. నా షాపులో నేను కూడా తెరవను. ఖర్చవుతుంది, అయినా పెళ్లి మళ్లీ జరిపించలేం కదా.

డిస్క్ ఇంకా శబ్దం చేయకపోయినా మెల్లగా ఉందనిపించినవాళ్లు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. పసుపు రంగు హెచ్చరిక వచ్చి, రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అన్న వరుసల్లో అంకె పెరుగుతూ పోతుంటే డిస్క్ సెలవడుగుతోంది. బదులుగా తిరిగే భాగాలే లేని ఎస్ఎస్‌డీ రకం డిస్క్ వేయించుకోండి, వేగంలో తేడా మీకే తెలుస్తుంది. ఒక్క హెచ్చరిక: ఎస్ఎస్‌డీకి టిక్ టిక్ ఉండదు. పోయేరోజు చెప్పకుండా పోతుంది. ఫోటోల రెండో కాపీ వేరే డిస్క్ మీద లేకపోతే మీ వృత్తిలో కష్టం.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో టైమ్, తేదీ రోజూ వెనక్కి పోతున్నాయి. బ్యాంకు సైట్లు "సురక్షితం కాదు" అంటూ తెరుచుకోవడం లేదు. వైరస్సా?
– విశ్రాంత ఉద్యోగి, కర్నూలు

జవాబు: వైరస్ కాదు సార్. బోర్డు మీద గడియారాన్ని నడిపే రూపాయి బిళ్లంత సెల్, సీఆర్ 2032 రకం, అయిపోయింది. తేదీ పాతది కావడంతో బ్యాంకు సైట్ సర్టిఫికెట్ చెల్లదని బ్రౌజర్ అనుకుంటోంది. చాలా ల్యాప్‌టాప్‌లలో దానికి చిన్న వైరు, ప్లగ్గు అతికించి ఉంటాయి, కొనేటప్పుడు అదే రకం అడగండి. అసలు ఆ సెల్లే లేని మోడళ్లూ ఉన్నాయి.

ప్రశ్న: అక్కా, గేమ్ మొదలుపెట్టిన కాసేపటికి ల్యాప్‌టాప్ దానంతటదే ఆఫ్ అవుతోంది. ఫ్యాన్ గోల భరించలేకపోతున్నాం. కూలింగ్ ప్యాడ్ కొన్నా, తేడా లేదు. మంచం మీద వాడతాను.
– ఇంజనీరింగ్ విద్యార్థి, రామగుండం

జవాబు: కూలింగ్ ప్యాడ్ డబ్బులు దండగయ్యాయి, బాధపడకు. లోపల గాలి బయటికి పోయే దారి మూసుకుపోతే కింద నుంచి ఎంత ఊదినా లాభం లేదు. ఫ్యాన్ విప్పి చూస్తే దానికీ రాగి రేకుల వరుసకీ మధ్య దుప్పటి నూగు, జుట్టు, దుమ్ము కలిసి చిన్న దూది పరుపులా పేరుకుని ఉంటుంది. రేకుల మీది నుంచి దాన్ని పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా వస్తుంది. పైపైన బ్లోయర్ కొడితే అది కదలదు. పైగా ఫ్యాన్ ఆకుల్ని పుల్లతో ఆపకుండా బ్లోయర్ కొడితే అతివేగంగా తిరిగి దాని బేరింగ్ పాడవుతుంది.

చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి వెళ్లాక ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి తగ్గకపోతే కాలిపోకుండా ఆగిపోతాయి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ప్రోగ్రామ్ పెట్టుకుని గేమ్ ఆడుతూ అంకె చూడు. 95 దాటి ఆఫ్ అవుతోందంటే శుభ్రం చేయించి, ప్రాసెసర్ వేడిని పైనున్న లోహానికి అందించే థర్మల్ పేస్టు మార్పించు. 70లో ఉండగానే ఠప్పున ఆరిపోతే వేడి కారణం కాదు, బ్యాటరీనో ఛార్జర్‌నో అనుమానించాలి. ఛార్జర్ తీసి ఆడినప్పుడు, పెట్టి ఆడినప్పుడు తేడా ఉందేమో చూసి మళ్లీ రాయి. మే నెలలో గదిలో గాలే 40 డిగ్రీలుంటే ఏ ఫ్యానూ అంతకన్నా చల్లబరచలేదు. ఇక మంచం సంగతి నువ్వే ఊహించుకో.

ప్రశ్న: ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ మీద చెయ్యి ఆనిస్తే జుమ్ముమంటోంది. షాక్ కొడుతుందేమోనని పిల్లల్ని ముట్టుకోనివ్వడం లేదు. ఛార్జర్ లోపమా?
– గృహిణి, భీమవరం

జవాబు: టెన్షన్ పడకండమ్మా, కానీ వదిలేయకండి. ఛార్జర్ తీసేయగానే జుమ్ము ఆగిపోతోందా? అయితే మీ గోడలోని ఎర్తింగ్‌ని చూపించుకోవాలి. ఛార్జర్ లోపల రేడియో రొద తగ్గించడానికి పెట్టే చిన్న కెపాసిటర్ నుంచి అతి కొద్ది కరెంటు మెటల్ బాడీకి వస్తుంది. మూడో పిన్ను గుండా భూమిలోకి పోవాల్సింది, దారి లేక మీ చేతి గుండా పోతోంది. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో పెట్టినా ఇదే. అసలు రెండు పిన్నులతోనే వచ్చే ఛార్జర్లలోనూ కాస్త జుమ్ము ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చేత సాకెట్‌లో ఎర్త్ వస్తోందో లేదో టెస్ట్ చేయించండి. జుమ్ము కాకుండా గట్టిగా లాగినట్టు కొట్టినా, మాడు వాసన వచ్చినా ఆ ఛార్జర్ ఇక వాడొద్దు.

ప్రశ్న: పాత ఛార్జర్ పోతే బజార్లో చవకది కొన్నాను. పిన్ను సరిపోయింది. కానీ "ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్" అంటోంది. పైగా మెషిన్ నత్తనడక నడుస్తోంది.
– న్యాయవాది, కరీంనగర్

జవాబు: పిన్ను సరిపోతే ఛార్జర్ సరిపోయినట్టు కాదు లాయరు గారూ. డెల్, హెచ్‌పీ ఛార్జర్ల పిన్ను నడిమధ్యలో సన్నటి సూది ఉంటుంది. ఛార్జర్ ఎన్ని వాట్లదో దాని ద్వారానే మెషిన్‌కి తెలుస్తుంది. ఆ సమాచారం రాకపోతే మెషిన్ దాన్ని నమ్మదు. బ్యాటరీకి ఛార్జి ఇవ్వదు, ప్రాసెసర్ వేగం కూడా తగ్గించేస్తుంది. మీ రెండు బాధలకీ కారణం ఒకటే కావొచ్చు. ఆ సూది వంగినా, విరిగినా ఇంతే, భూతద్దంతో ఒకసారి చూడండి.

పాత ఛార్జర్ వెనక అచ్చేసిన అంకెలు చూసి కొనండి. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అంటే 65 వాట్లు. వోల్టులు కచ్చితంగా అవే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ మాత్రం పనికిరాదు. టైప్-సి ఛార్జింగ్ ఉన్నవాళ్లు కేబుల్ని కూడా పట్టించుకోవాలి. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది, అంటే ఎంత పెద్ద ఛార్జర్ పెట్టినా 60 వాట్లే.

ప్రశ్న: కీబోర్డు మీద టీ ఒలికింది. తుడిచి, రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టాం. ఇప్పుడు ఆన్ చేయొచ్చా?
– అనంతపురం పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, ఇంకా ఆన్ చేయకండి. బియ్యం బోర్డు మీది టీని పీల్చదు. టీలోని నీళ్లు వాటంతటవే ఆరతాయి, పాలూ పంచదారా మాత్రం బోర్డు మీద అట్టకట్టి ఉండిపోతాయి. ఆన్ చేస్తే ఆ అట్ట మీదుగా కరెంటు పోయి తుప్పు మొదలవుతుంది. మూత విప్పించి, బ్యాటరీ తీయించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించాలి. ఇలాంటిది ఇంకెవరింట్లోనైనా జరిగితే, ఒలికిన క్షణమే ఛార్జర్ పీకి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి, తెరిచిన ల్యాప్‌టాప్‌ని టవల్ మీద బోర్లించి ఆ రోజే తీసుకెళ్లండి. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి కొట్టొద్దు. బియ్యం అన్నానికి ఉంచుకోండి.

ప్రశ్న: బోర్డు నిజంగానే మార్చారు మేడమ్. ఇప్పుడు నీలం తెర వచ్చి ఏదో 48 అంకెల కీ అడుగుతోంది. షాపువాళ్లు తెలీదంటున్నారు. బయట ఒకతను అన్‌లాక్ చేస్తానంటూ అడ్వాన్స్ అడుగుతున్నాడు.
– చిన్న వ్యాపారి, శ్రీకాకుళం

జవాబు: అడ్వాన్స్ ఇవ్వకండి. అది బిట్‌లాకర్ రికవరీ కీ. ఈ మధ్య వచ్చే విండోస్ మెషిన్లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే మీరు అడగకపోయినా డిస్కుకి తాళం పడుతుంది. తాళంచెవి బోర్డులోని ఒక చిప్పులో ఉంటుంది. బోర్డు మారింది కాబట్టి పాత చిప్పూ పోయింది. ఫోన్ నుంచి మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైసెస్‌లో మీ ల్యాప్‌టాప్ దగ్గర రికవరీ కీ చూడండి. కొన్న కొత్తలో ఎవరి మెయిల్‌తో లాగిన్ చేశారో గుర్తుచేసుకోండి. చాలాసార్లు అది కొడుకుదో, అమ్మిన కుర్రాడు అప్పటికప్పుడు తయారుచేసినదో అయి ఉంటుంది. ఆఫీసు మెషిన్ అయితే మీ ఐటీవాళ్ల దగ్గర ఉంటుంది. తెర మీద కనిపించే కీ ఐడీ మొదటి అక్షరాలు, ఖాతాలో దాని పక్కనున్న అక్షరాలతో కలవాలి.

ఎక్కడా దొరక్కపోతే ఆ డిస్కులోని ఫైళ్లు ఎవరూ తెరవలేరు, నేనూ తెరవలేను. పాత బోర్డు ఇంకా షాపులోనే ఉంటే ముందు దాన్ని వెనక్కి అడిగి తెచ్చుకోండి. అందులోని చిప్పు బతికుంటే, బోర్డుని ఒక్కసారి ఆన్ అయ్యేలా చేసుకోగలిగినా మీ ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు.